ఏడు రాత్రులు, పాతికేళ్లు: హాలిడే మెంబర్‌షిప్ గిట్టుబాటవుతుందా?

టైమ్‌షేర్ అన్న మాట మన దగ్గర అమ్మేవాళ్లు కూడా వాడరు. మాల్‌లో స్టాల్ పెట్టుకుని కూపన్ నింపించే కుర్రాడు చెప్పేది ‘హాలిడే మెంబర్‌షిప్’. ఇప్పుడు కొన్ని లక్షలు కడితే, పాతికేళ్ల పాటు ఏటా ఏడు రాత్రులు ఆ కంపెనీ రిసార్టుల్లో గది ఇస్తారు. ఈ వ్యాపారాన్ని మన దేశంలో మధ్యతరగతికి పరిచయం చేసినవి ప్రధానంగా 1986లో మొదలైన స్టెర్లింగ్, 1996లో మొదలైన క్లబ్ మహీంద్రా.

సెలవుల రద్దీలోనే ప్రయాణాలు చేస్తూ, ఏడు రాత్రులూ ఏటా వాడేసే కుటుంబానికి ఇది పనికొస్తుంది. మిగతావాళ్లకు ఖరీదైన వ్యవహారం. కారణం మెంబర్‌షిప్ ధర కాదు, ఏటా కట్టే వార్షిక రుసుము. దాన్నే ఏఎస్ఎఫ్ అంటారు. అమ్మకం గదిలో దాని ప్రస్తావన రెండు నిమిషాల్లో అయిపోతుంది.

ఉదాహరణకు పన్నుతో కలిపి ఆరు లక్షల మెంబర్‌షిప్ అనుకుందాం. ఏఎస్ఎఫ్ 25,000, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 29,500. ఆరు లక్షల్ని 175 రాత్రులకు పంచి ‘రాత్రికి 3,400 మాత్రమే సార్’ అని కాగితం మీద గీసి చూపిస్తారు. అందులో ఏఎస్ఎఫ్ లేదు, వడ్డీ అంతకన్నా లేదు. అదే ఆరు లక్షలు 7 శాతం వడ్డీకి వేసి, అసలూ వడ్డీ కలిపి పాతికేళ్లు సమంగా తీసుకుంటూ పోతే ఏడాదికి 51,500 దాకా వస్తాయి. దానికి 29,500 కలపండి. ఏడాదికి 81,000, అంటే రాత్రికి 11,600 దగ్గర. ఏడింటిలో నాలుగు రాత్రులే వాడి మిగతావి మురగబెడితే రాత్రి ఖర్చు 20,250.

మరి హోటల్ రేట్లూ పెరుగుతాయి కదా అంటారు. నిజమే, ఆ వాదనకూ లెక్క వేయాలి. ఏఎస్ఎఫ్, హోటల్ రేట్లు రెండూ ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే, ఈ రోజు బయట 12,000 పలికే గదికి మెంబర్‌షిప్ మొదటి ఏడే గిట్టుబాటు. 9,000 పలికే గదికైతే తొమ్మిదో ఏటికి గానీ లెక్క మనవైపు తిరగదు, అప్పటిదాకా పోయింది పూడేసరికి పదిహేనో ఏడు వస్తుంది. 6,000 గదికి పాతికేళ్లు గడిచినా సమం కాదు. ఆ పాతికేళ్లలో ఏఎస్ఎఫ్ కిందే కట్టేది 16 లక్షలు దాటుతుంది. అసలు బేరం ఆరు లక్షలకు కాదన్నమాట.

అందుకే ముందు చూడాల్సింది బ్రోషర్‌లోని లోయల ఫొటోలు కాదు, సీజన్ చార్టు. క్లబ్ మహీంద్రా పద్ధతిలో పర్పుల్, రెడ్, వైట్, బ్లూ అని నాలుగు రంగులుంటాయి. పర్పుల్ అన్నింటికంటే ఖరీదు, బ్లూ చవక. పై రంగు కొన్నవాళ్లు కింది రంగు వారాల్లో వెళ్లొచ్చు, కిందివాళ్లు పైకి మామూలుగా వెళ్లలేరు. చవగ్గా వస్తోందని బ్లూ తీసుకుంటే దక్కేది కొండ ఊళ్లలో జోరువాన రోజులు, పిల్లలకు పరీక్షల రోజులు. ఆ రోజుల్లో బయటివాళ్లకు కూడా గది చవగ్గానే దొరుకుతుంది, ఇక మెంబర్‌షిప్ ఎందుకు?

చార్టు ఒక్కో రిసార్టుకు ఒక్కోలా ఉంటుంది. ఇక్కడే తెలుగు కుటుంబాలకు చిన్న వెసులుబాటు. మన పిల్లలకు దసరాకు దాదాపు రెండు వారాలు, సంక్రాంతికి వారం అటూఇటూగా సెలవులు. జనవరి 1 హడావుడి తగ్గాక వచ్చే సంక్రాంతి వారం రాజస్థాన్ వైపు చల్లగా, హాయిగా ఉంటుంది. ఆ వారానికి మీరు అనుకున్న రిసార్టు చార్టులో ఏ రంగు వేశారో చూసుకోండి. ఖరీదైన రంగు అక్కర్లేకపోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో కూర్గ్, ఊటీ, మున్నార్ మాత్రం దేశం మొత్తానికీ కావాలి. రంగు సరిపోయినా గది దొరకాలిగా. బుకింగ్ తలుపులు తెరిచిన రోజే, నెలల ముందు, కూర్చోవాలి. ‘ఈ శుక్రవారం వెళ్దామా’ అనుకునే ఇంటికి ఇది సరిపడదు.

ఇంకో లెక్క ఉంది, ఎవరూ వేయరు. మూడో తరగతి చదివే పిల్ల ఉన్న ఇల్లు మెంబర్‌షిప్ తీసుకుంటే, పదో తరగతి వచ్చేదాకా ఆరేడేళ్లు. ఆ తర్వాత ఇంటర్, జేఈఈ, ఎప్‌సెట్. కార్పొరేట్ కాలేజీ ఇచ్చే సెలవులు ఎన్నో అందరికీ తెలుసు. తర్వాత హాస్టల్. పాతికేళ్ల ఒప్పందంలో కుటుంబమంతా కలిసి వెళ్లేది పదేళ్లు ఉంటే గొప్ప.

గది సైజు కూడా అంతే ముఖ్యం. స్టూడియో సాధారణంగా ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు చిన్నపిల్లలకు. అమ్మమ్మా తాతయ్యా వస్తే వన్ బెడ్‌రూమ్ కావాలి. వంటగది అన్నది కొన్నిచోట్ల పొయ్యి, గిన్నెలతో నిజంగా ఉంటుంది, కొన్నిచోట్ల కెటిల్, చిన్న ఫ్రిజ్‌తో సరి. భోజనం ధరలో ఉండదు. రిసార్టు ఊరికి దూరంగా కొండ మీద ఉంటే మూడు పూటలా వాళ్ల బఫేనే గతి. నలుగురికి ఏడు రోజుల తిండి ఖర్చు ఒక్కోసారి ఏఎస్ఎఫ్‌ను మించిపోతుంది. కొచ్చి విమానాశ్రయం నుంచి మున్నార్‌కు 110 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డులో నాలుగు గంటలు. బెంగళూరు నుంచి మడికేరికి ఆరు గంటలు. ఆ టాక్సీ డబ్బులూ మనవే.

విదేశీ రిసార్టులు చూపించి ఆర్‌సీఐ పేరు చెబుతారు. 1974లో అమెరికాలో మొదలైన మార్పిడి సంస్థ అది. మన వారాన్ని అక్కడ జమచేసి ఇంకోచోట వారం తీసుకోవచ్చు. దానికి సభ్యత్వ రుసుము, ప్రతి మార్పిడికీ మళ్లీ రుసుము. పైగా జమచేసిన వారం బలాన్ని బట్టే దొరికేది. బ్లూ వారం వేసి వేసవిలో స్విట్జర్లాండ్ అడిగితే రాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ల సంగతి వేరు. ఓర్లాండో, లాస్ వేగస్‌లలో అమ్మేవి చాలావరకు ముగింపు తేదీ లేనివి, మెయింటెనెన్స్ ఫీజు ఏటా కడుతూనే ఉండాలి. ఈబేలో ఒక్క డాలరుకు పెట్టినా కొనేవాళ్లు దొరకని వారాలున్నాయి. సంతకం పెట్టాక మనసు మారితే ఫ్లోరిడాలో 10 రోజులు, నెవాడాలో 5 రోజుల్లోపు రాతపూర్వకంగా రద్దు చేసుకునే హక్కుంది. మన దేశంలో టైమ్‌షేర్‌కంటూ ప్రత్యేక చట్టం లేదు. రద్దు గడువు ఎంతో ఒప్పందంలోనే చదువుకోవాలి.

‘ఇది మీకు ఆస్తి’ అన్న మాట నమ్మొద్దు. రిజిస్ట్రేషన్ ఉండదు, భూమిలో వాటా ఉండదు. గదిని వాడుకునే హక్కు మాత్రమే. ధరను చాలాచోట్ల రెండుగా విడగొడతారు: ప్రవేశ రుసుము, వాడుక రుసుము. గడువు దాటి రద్దు చేస్తే మొదటిది వెనక్కి రాదు. ఏఎస్ఎఫ్ బాకీ పడితే బుకింగ్ ఆపేస్తారు, వడ్డీ వేస్తారు. అమ్ముదామంటే కొనేవాడు దొరకడు. దొరికించి పెడతాం, ముందు ప్రాసెసింగ్ చార్జీ కట్టండని ఫోన్ వస్తే అది మోసమే.

సంతకానికి ముందు ఓ చిన్న పరీక్ష: మీరు వెళ్లాలనుకున్న రిసార్టు, అదే గది రకం, అవే తేదీలు బయటి బుకింగ్ సైట్లలో పెట్టి పన్నుతో సహా ధర చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రాత్రికి 7,500 వరకు గదులకు జీఎస్టీ 5 శాతం, ఆపైన 18. మున్నార్‌లో కేటీడీసీ టీ కౌంటీ, మడికేరిలో మయూర వ్యాలీ వ్యూ, అరకులో హరిత వ్యాలీ రిసార్ట్ లాంటి రాష్ట్ర ప్రభుత్వ పర్యాటక సంస్థల హోటళ్ల ధరలు కూడా పక్కన రాసుకోండి. సేవలో మెరుపులుండవు, నీళ్లు వేడెక్కడానికి కాస్త ఆగాల్సి రావచ్చు. కానీ వెళ్లిన రోజుకే డబ్బు.

కంపెనీ ప్రెజెంటేషన్‌కు పిలిస్తే భార్యాభర్తలిద్దరూ రావాలంటారు, తొంభై నిమిషాలన్నది మూడు గంటలవుతుంది, ‘ఈ రోజు వరకే’ ధర మేనేజర్ వచ్చి మళ్లీ తగ్గిస్తాడు. ఒప్పందం కాపీ ఇంటికి ఇవ్వమనండి. ఇవ్వనంటే లేచి రావచ్చు. వచ్చినందుకు ఇచ్చే గిఫ్ట్ వోచర్ వెనకవైపు చదవండి: ప్రయాణ ఖర్చు మనదే, పండగ తేదీలు చెల్లవు, వారాల ముందు బుక్ చేయాలి.

అప్పటికే సంతకం అయిపోయి ఉంటే, గడువు లోపలే ఈమెయిల్, స్పీడ్ పోస్ట్ రెండూ పంపి, రసీదులు దాచుకోండి. కార్డు మీద ఈఎంఐ పెట్టి ఉంటే బ్యాంకుకు విడిగా రాయాలి, కంపెనీ రద్దు చేసినంత మాత్రాన అది ఆగదు. కంపెనీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 10 లక్షల లోపైతే 200 రూపాయలు. ఫిర్యాదు రెండేళ్లలోపు, మీరున్న ఊరి జిల్లాలోనే వేసుకోవచ్చు.