ఇంటి నుంచి పని, ఒంటరితనం: కోవర్కింగ్ బల్లా, గ్రంథాలయం కుర్చీయా?

2020 మార్చి లాక్‌డౌన్‌తో ఇంటికి చేరిన ఉద్యోగం చాలామందికి ఇంకా ఇంట్లోనే ఉండిపోయింది. ఉదయం నుంచి సాయంత్రం దాకా కుక్కర్ విజిల్ తప్ప మరో పలకరింపు వినపడని హైదరాబాదు ఉద్యోగికి అందుబాటులో ఉన్న దారులు రెండు: మాదాపూర్ వైపు కోవర్కింగ్‌లో, అంటే వేర్వేరు కంపెనీలవాళ్లు పంచుకునే ఆఫీసులో, నెలవారీ అద్దెకు దొరికే బల్ల, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ.

గ్రంథాలయంలో ఖర్చు దాదాపు ఉండదు. చుట్టూ పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే యువత తలలు వంచుకుని చదువుతూ ఉంటే మనకూ పని మీద ధ్యాస కుదురుతుంది. అయితే అక్కడ నోరు మెదపకూడదు గనుక, మీటింగు వచ్చిన ప్రతిసారీ ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మెట్ల దగ్గరికి పరుగెత్తవలసిందే. తిరిగి వచ్చేసరికి కుర్చీ మిగిలి ఉంటుందన్న హామీ కూడా లేదు. జనం మధ్య కూర్చున్నా మాట్లాడే మనిషి లేని లోటు అలాగే ఉంటుంది.

కోవర్కింగ్‌లో అద్దె, ప్రయాణం రెండూ భారమే. కాని అసలు తేడా టీ మెషీను దగ్గర తెలుస్తుంది: ఏదో వేరే కంపెనీలో పనిచేసే పక్క బల్ల ఆయన, మూడో వారానికల్లా "నిన్న రాలేదేంటండీ?" అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్న కోసమే, వారానికి రెండు రోజులకైనా సరే, నేను దీనివైపే మొగ్గుతాను. మీటింగులు లేని రోజున మాత్రం గ్రంథాలయానికే వెళ్తాను.