పార్కుల్లోనూ పాత ఇంటి జాగాల్లోనూ మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800

పాత నాణేలు వెదికే అభిరుచి ఉన్నవారు మెటల్ డిటెక్టర్ కొనేముందు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న, అది ఎంత లోతున ఉన్నదాన్ని పట్టగలదన్నది. అమెరికాలోని పార్కుల్లోనూ, పాడుబడ్డ హోమ్‌స్టెడ్ జాగాల్లోనూ (ప్రభుత్వమిచ్చిన భూమిలో పాతకాలపు రైతులు కట్టుకున్న ఇళ్ల చోట్లు) ఈక్వినాక్స్ 800ను వాడుతూ వచ్చిన నాకు అది రెండవ ప్రశ్నగానే తోస్తుంది. తరాల తరబడి మనుషులు మసలిన నేలలో నాణెం ఒంటరిగా ఉండదు. దాని పక్కనే మేకులు, సీసా మూతలు, అల్యూమినియం రేకులు పడి ఉంటాయి. ఆ చెత్త మధ్య నుంచి నాణెం సిగ్నల్‌ను విడదీసి వినిపించగలదా లేదా అన్నదే అసలు పరీక్ష. ఆ పరీక్షలో ఈ యంత్రం నెగ్గుతుందని నేను నిస్సంకోచంగా చెప్పగలను.

ఆస్ట్రేలియాకు చెందిన మైన్‌ల్యాబ్ సంస్థ దీనిని 2018లో మార్కెట్‌లోకి తెచ్చింది. డిటెక్టర్ కింది చివరన నేలమీదుగా ఊపే పళ్లెం లాంటి కాయిల్ నుంచి వెలువడే అయస్కాంత క్షేత్రం భూమిలోని లోహాన్ని తాకగానే ఆ లోహంలో సన్నని విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. వాటి వల్ల తిరిగివచ్చే క్షేత్రాన్ని యంత్రం పసిగట్టి శబ్దంగా, అంకెగా మారుస్తుంది. వెండి, రాగి వంటి మంచి విద్యుద్వాహకాలు తక్కువ ఫ్రీక్వెన్సీకి బాగా పలుకుతాయి, చిన్నవీ పలుచనివీ అయిన వస్తువులు ఎక్కువ ఫ్రీక్వెన్సీకి పలుకుతాయి. ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే యంత్రం కొనేవారు ఈ రెంటిలో ఏదో ఒకవైపు మొగ్గక తప్పదు. ఈక్వినాక్స్‌లోని మల్టీ ఐక్యూ పద్ధతి ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలతో పనిచేస్తుంది కనుక, వెండి క్వార్టర్ (పావు డాలర్ నాణెం) కోసం వెదుకుతూ చిన్న బొత్తాన్ని వదులుకోవలసిన అవసరం రాదు. కావాలనుకుంటే 5, 10, 15, 20, 40 కిలోహెర్ట్జ్‌లలో ఏదో ఒకదాన్ని విడిగా కూడా ఎంచుకోవచ్చు.

పార్కు విషయం ముందుగా చెప్పుకోవాలి, ఎందుకంటే కొత్తవారు సహజంగా మొదలుపెట్టేది అక్కడే. తెరమీద కనబడే గుర్తింపు అంకె –9 నుంచి 40 వరకు ఉంటుంది. సున్నాకు దిగువన ఉన్నవి ఇనుముకు సంబంధించినవి. అయిదు సెంట్ల నికెల్ నాణెం 12 లేదా 13 దగ్గర చాలా నిలకడగా చూపిస్తుంది. పది సెంట్ల డైములూ, ఒక సెంటు రాగి పెన్నీలూ ఇరవై అయిదుకు అటూ ఇటూగా, క్వార్టర్లు ముప్పై పరిసరాల్లో పడతాయి. ఈ అంకెలు బాగానే ఉపయోగపడతాయి గాని, వాటిని గుడ్డిగా నమ్మకూడదు. పాత సోడా డబ్బాల నుంచి ఊడివచ్చిన ఉంగరం లాంటి పుల్ ట్యాబులు నికెల్ అంకెల మీదకే వచ్చి కూర్చుంటాయి. 1982 తరువాత జింకుతో చేసి పైన రాగి పూత పూసిన పెన్నీలూ, 1859 నుంచి 1909 వరకు ముద్రించిన ఇండియన్ హెడ్ పెన్నీలూ సుమారుగా ఒకే చోట, ఇరవై పరిసరాల్లోనే కనబడతాయి. అంటే చెత్తగా కొట్టిపారేయదలచిన అంకెలోనే మనం కోరుకునే పాత నాణెం కూడా దాగి ఉంటుంది. ఇది ఈ యంత్రానికి ప్రత్యేకమైన లోపం కాదు. లోహాల స్వభావమే అది. అయితే ఇనుము కాని సమస్తాన్నీ నలభై అంకెల్లోనే ఇరికించడం వల్ల, దగ్గరదగ్గరగా ఉండే లోహాలను కంటితో వేరుచేయడం మరికాస్త కష్టమవుతుందని ఒప్పుకోవాలి.

అందుకే అంకెకన్నా శబ్దాన్ని నమ్మడం నేర్చుకోవాలి. యంత్రంలో ముందే అమర్చి ఉన్న పార్క్ 2 అనే వెదుకులాట పద్ధతిలో మాదిరిగా యాభై స్వరాలు పెట్టుకుంటే ప్రతి అంకెకూ ఒక స్వరం ఉంటుంది. మొదట్లో గందరగోళంగా అనిపించినా, కొంతకాలానికి చెవి అలవాటుపడుతుంది. నాణెం గుండ్రంగా ఉండడం వల్ల దాని శబ్దానికి అంచులు నున్నగా ఉంటాయి. కాయిల్‌ను ఎటునుంచి ఊపినా అదే స్వరం అదే నిడివితో వస్తుంది. నలిగిన రేకుముక్క ఒకవైపు నుంచి బాగా పలికి మరోవైపు నుంచి చీలిపోతుంది. నా మటుకు నేను తెరను చూసేది శబ్దం నచ్చిన తరువాతనే.

హోమ్‌స్టెడ్ జాగాలలో పరిస్థితి పూర్తిగా వేరు, ఈ యంత్రం తన ధరకు తగిన పని చేసి చూపించేది కూడా అక్కడే. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాల చొప్పున భూమి పొంది, ఇల్లు కట్టుకుని సాగుచేసుకున్న కుటుంబాల ఇళ్లు ఎన్నో ఆ తరువాత కాలిపోయాయి, లేదా శిథిలమై కూలిపోయాయి. కొయ్య పోయినా మేకులు మాత్రం మట్టిలోనే మిగిలాయి. ఒకప్పటి గుమ్మం ముందు కాయిల్ ఉంచి ఒక్కసారి ఊపితే చాలు, అడుగు అడుగుకూ ఇనుము గుర్రుమంటుంది. ఇటువంటి చోట నెమ్మదిగా కోలుకునే యంత్రం మేకు శబ్దం ముగిసేలోపే పక్కనున్న నాణెం మీదుగా దాటిపోతుంది. ఒక లక్ష్యాన్ని విన్న తరువాత మరొకదాన్ని వినడానికి యంత్రం ఎంత త్వరగా సిద్ధమవుతుందో నిర్ణయించే రికవరీ స్పీడ్‌ను ఇందులో 1 నుంచి 8 వరకు మార్చుకోవచ్చు. మేకుల నేలలో దీన్ని పెంచి, కాయిల్‌ను చిన్నచిన్న ఊపులతో నింపాదిగా నడిపితే, రెండు గుర్రుమనే శబ్దాల నడుమ క్షణకాలం పాటు సన్నగా, హెచ్చు స్వరంలో ఒక కూత వినిపిస్తుంది. అక్కడే ఆగి తొంభై డిగ్రీలు పక్కకు తిరిగి మళ్లీ ఊపాలి. ఆ కూత ఉన్నచోటనే నిలిస్తే అది తవ్వవలసినదే. చోటు మార్చినా, తెగిపోయినా అది వంగిన మేకు పలికిన దొంగ పలుకు కావచ్చు.

ఐరన్ బయాస్ అనే మరో అమరిక ఉంది. దీన్ని పెంచినకొద్దీ యంత్రం సందేహాస్పదమైన సిగ్నళ్లను ఇనుము వైపుకు నెడుతుంది. చెవికి హాయిగానే ఉంటుంది గాని, మేకును ఆనుకుని ఉన్న నాణెం కూడా ఆ నిశ్శబ్దంలో కలిసిపోతుంది. పాత ఇంటి జాగాలో దీన్ని వీలైనంత తక్కువగా ఉంచి, దొంగ పలుకులను భరించడమే మేలని నా అభిప్రాయం. ఇనుమును వినిపించకుండా చేసే డిస్క్రిమినేషన్‌ను కూడా గుర్రపునాడా గుర్తున్న మీటతో తీసివేసి, ఇనుమును వింటూనే వెదకడం మంచిది. మేకులు దట్టంగా వినబడే చోటే ఒకప్పుడు గోడ ఉన్న చోటు. ఇంటి కొలతలు, వాకిలి ఎటువైపు ఉండేదో ఆ ఇనుమే చెబుతుంది. నలుపలకల కాడ ఉన్న మేకులు ఎక్కువగా బయటపడుతున్నాయంటే ఆ ఇల్లు గుండ్రని తీగ మేకులు విరివిగా వాడుకలోకి రాకముందు, అంటే సుమారుగా 1890లకు ముందు కట్టినదై ఉండే అవకాశం ఎక్కువ. ఏ కాలపు నాణేలను ఆశించవచ్చో దీన్నిబట్టి అంచనా వేసుకోవచ్చు.

ఇక మిగతా సౌకర్యాల గురించి క్లుప్తంగా చెబుతాను. బరువు 1.34 కిలోలు. యంత్రం మూడు మీటర్ల లోతు వరకు నీటికి తట్టుకునేలా తయారైంది. వైర్‌లెస్ హెడ్‌ఫోన్లలో శబ్దం ఆలస్యం కాకుండా వస్తుంది. ఆలస్యమైతే లక్ష్యం దాటిపోయాక కూత వినిపించి చోటు తప్పుతుంది కనుక ఇది చిన్న విషయం కాదు. బ్యాటరీ లోపలే బిగించి ఉంటుంది, ఒకసారి చార్జ్ చేస్తే సుమారు 12 గంటలు నడుస్తుంది. పొలం మధ్యలో బ్యాటరీ తీసి మరొకటి వేసుకునే వీలు లేదన్నది గుర్తుంచుకోవాలి. పిన్‌పాయింట్ మీట నొక్కితే లక్ష్యం కేంద్రం స్పష్టంగా తెలుస్తుంది. పచ్చిక ఉన్న పార్కులో దీన్ని నేను అత్యవసరంగా భావిస్తాను. చోటు ఖచ్చితంగా తెలిస్తేనే గడ్డను మూడువైపులా మాత్రమే కోసి, నాలుగోవైపు వేళ్లు అంటి ఉండగా మూతలాగా ఎత్తి, తీసిన మట్టినంతా గుడ్డ మీద పోసుకుని, పని అయ్యాక ఆనవాలు లేకుండా పూడ్చడం సాధ్యమవుతుంది. బయటికి వచ్చిన నాణేన్ని అక్కడికక్కడే వేలితో రుద్దకూడదు. మట్టిలోని ఇసుకరేణువులు వెండి మీద గీతలు పెడతాయి, ఆ గీతలు ఇక పోవు.

యంత్రం ఎంత మంచిదైనా దాన్ని ఎక్కడ వాడవచ్చో కొనేముందే తెలుసుకోవాలి. జాతీయ పార్కుల్లో మెటల్ డిటెక్టర్ వాడకం నిషిద్ధం. ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) భూముల్లో వందేళ్లు పైబడిన పురావస్తువులను అనుమతి లేకుండా తవ్వితీయడం 1979 నాటి చట్టం ప్రకారం నేరం. ఊరి పార్కులకు ఆయా స్థానిక ప్రభుత్వాల నిబంధనలు వేరువేరుగా ఉంటాయి. పాడుబడ్డ ఇంటి జాగా అయినా దానికి యజమాని ఉంటాడు, ఆయన అనుమతి లేనిదే కాయిల్ నేలమీద పెట్టకూడదు. ఈ విషయంలో నాకు ఎటువంటి మినహాయింపులూ రుచించవు, ఎందుకంటే ఒకరు వదిలివెళ్లిన గుంతలకు ఆ తరువాత వచ్చే వారందరూ జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

2022లో ఇదే వరుసలో ఈక్వినాక్స్ 900 వచ్చింది. అందులో గుర్తింపు అంకెలు –19 నుంచి 99 వరకు విస్తరించడంతో నేను పైన చెప్పిన ఇరుకు చాలావరకు తీరింది. కొత్తగా కొనేవారు, ముఖ్యంగా పార్కుల్లోనే ఎక్కువగా వెదికేవారు దాన్ని కూడా చూసి నిర్ణయించుకోవాలి. ఇప్పటికే 800 చేతిలో ఉన్నవారికి మాత్రం యంత్రాన్ని మార్చడం కన్నా ఆరు అంగుళాల చిన్న కాయిల్ కొనుక్కోమని సలహా ఇస్తాను. యంత్రంతో వచ్చే పదకొండు అంగుళాల కాయిల్ ఒకేసారి నాలుగైదు మేకులను తన కింద కప్పేసే చోట, చిన్న కాయిల్ వాటి సందుల్లోకి దూరి చూస్తుంది. లోతు కొంత తగ్గుతుంది. కాని కూలిన ఇంటి వాకిట్లో పైపైనే ఉండి పెద్ద కాయిల్‌కు చిక్కని బొత్తాలు, నాణేలు దానికి చిక్కుతాయి.