సున్నితమైన చర్మానికి ఐ క్రీమ్: రెటినాలా, బకూచియాలా, పెప్టైడా, మామూలు మాయిశ్చరైజరా?

కంటి చుట్టూ ముడతలకు ఏ క్రీమ్ మంచిదని అడిగితే చాలామంది ఠక్కున విటమిన్ ఎ రూపాల్లో ఒకటైన రెటినాల్ పేరే చెబుతారు. అందులో అబద్ధం లేదు. కానీ ఫేస్‌వాష్ మారిస్తేనే మొహం మంటెత్తిపోయే వాళ్లకు అదే సలహా ఇస్తే, ముడతల సంగతి అటుంచి, రెప్పలు ఎర్రబడి పొట్టు రాలడం మొదలవుతుంది. కనురెప్ప మీది చర్మం మందం సుమారు అర మిల్లీమీటరే. ఒంట్లో ఇంత పల్చటి చర్మం ఇంకెక్కడా ఉండదు. అందుకే చెంపలకు పడిన క్రీమ్ రెప్పలకు పడాలనేం లేదు.

క్రీములను పోల్చేముందు మీ గీతలు ఏ రకమో చూసుకోండి. వాసన కలపని మామూలు మాయిశ్చరైజర్ ఒక వారం రోజులు రాయండి. గీతలు బాగా తగ్గితే అవి పొడిబారడం వల్ల వచ్చినవే, వాటికి ఖరీదైన క్రీమ్ అక్కర్లేదు. అయినా అలాగే ఉంటే చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ అనే ప్రోటీన్ తగ్గడం వల్ల వచ్చినవని అనుకోవచ్చు. ఇక కింది రెప్ప దగ్గర కొవ్వు ముందుకు జరిగి ఏర్పడే సంచుల్లాంటి ఉబ్బును ఏ క్రీమూ తీసేయలేదు. ప్రకటనలు ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడతాయి, డబ్బు వృథా అయ్యేది అక్కడే.

పనితనం మాత్రమే చూస్తే రెటినాల్‌దే పైచేయి. చర్మంలోకి వెళ్లాక అది ముందు రెటినాల్డిహైడ్‌గా, తర్వాత రెటినోయిక్ ఆమ్లంగా మారుతుంది. కొలాజెన్ తయారీని పెంచేది ఆ చివరి రూపమే. ఫలితం కనిపించడానికి మూడు నెలలైనా పడుతుంది, మంట, పొడిబారడం మాత్రం మొదటి వారాల్లోనే వచ్చేస్తాయి. సున్నిత చర్మం వాళ్లు మధ్యలోనే మానేసేది అందుకే. ఇంకో సంగతి కూడా ఉంది. రెప్పల అంచున ఉండే మైబోమియన్ గ్రంథులు కన్నీటిపై నూనె పొరను తయారుచేస్తాయి. రెటినాయిడ్లు, అంటే రెటినాల్, దాని జాతి పదార్థాలు, ఆ గ్రంథులకు ఇబ్బంది కలిగించవచ్చు కాబట్టి, కళ్లు పొడిబారే సమస్య ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వీటి జోలికి వెళ్లకపోవడమే మంచిది. గర్భిణులు అసలు వాడకూడదు. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన నిబంధన ప్రకారం మొహానికి రాసే క్రీముల్లో రెటినాల్ 0.3 శాతం దాటకూడదు. కాబట్టి '1 శాతం' అని గొప్పగా రాసిన సీసాను కంటి దగ్గరికి తీసుకురావద్దు. రెటినాల్‌కే తేలిక రూపమైన రెటినైల్ పాల్మిటేట్ ఉన్నవి చర్మాన్ని అంతగా మండించవు గానీ వాటి పని కూడా అంతంత మాత్రమే.

బకూచియాల్‌ను బావంచాల గింజల నుంచి తీస్తారు. బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో 2019లో వచ్చిన అధ్యయనంలో 44 మంది 12 వారాలు పాల్గొన్నారు. కొందరు 0.5 శాతం బకూచియాల్ రోజుకు రెండుసార్లు, మిగతావాళ్లు 0.5 శాతం రెటినాల్ రోజుకు ఒకసారి వాడారు. ముడతలు, మచ్చలు రెండు వర్గాల్లోనూ తగ్గాయి. పొట్టు రాలడం, చురుక్కుమనడం మాత్రం రెటినాల్ వాడినవాళ్లలో ఎక్కువ. అధ్యయనం చిన్నదే, రెటినాల్‌కు ఉన్నన్ని ఆధారాలు దీనికింకా లేవు. అయినా సున్నిత చర్మానికి ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నేను బకూచియాల్‌నే చెబుతాను. సగం ఫలితమిచ్చినా ఏడాది పొడవునా వాడగలిగే క్రీమే నయం. అయితే బావంచాల నూనె, బకూచియాల్ ఒకటి కావు. ఆ నూనెలో ఉండే సోరాలెన్లు ఎండ తగిలితే చర్మాన్ని కాల్చినంత పని చేస్తాయి, దాన్ని కంటి దగ్గర రాయొద్దు.

పెప్టైడ్లు (ప్రోటీన్ల చిన్న ముక్కలు) ఉన్న క్రీములు చాలామందికి ఇబ్బంది లేకుండా పడతాయి, ఫలితం మాత్రం స్వల్పం. కెఫీన్ ఉన్నవి పొద్దున్నే కనిపించే ఉబ్బును కాసేపు తగ్గిస్తాయి, అంతే. విటమిన్ సిలో ఎల్-ఆస్కార్బిక్ ఆమ్లం రూపం పనిచేయాలంటే బాగా ఆమ్లంగా ఉండాలి, అందుకే కంటి దగ్గర చురుక్కుమంటుంది.

అన్నిటికంటే ముందు కొనమని నేను చెప్పేది సెరమైడ్లు (చర్మంలో సహజంగా ఉండే కొవ్వులు), గ్లిజరిన్ ఉన్న సాదా మాయిశ్చరైజర్, దాంతోపాటు జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్. ఆస్ట్రేలియాలోని నాంబోర్‌లో 900 మందికి పైగా వయోజనులను నాలుగున్నరేళ్లు గమనించిన అధ్యయనం 2013లో ప్రచురితమైంది. రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్లలో చర్మం ముదరడం, ఇష్టమొచ్చినప్పుడు రాసుకున్నవాళ్ల కంటే 24 శాతం తక్కువగా కనిపించింది. రసాయన సన్‌స్క్రీన్లు కళ్లలోకి జారి మండే వాళ్లకు జింక్ ఆక్సైడ్ రకం హాయిగా ఉంటుంది. చలువ కళ్లద్దాలు పెట్టుకుంటే మరీ మంచిది. మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ రెండూ అలవాటయ్యాక కూడా ముడతల మీద ఇంకా ఏదైనా చేయాలనిపిస్తే అప్పుడు బకూచియాల్ గానీ పెప్టైడ్ గానీ ఒక్కటి మాత్రం జోడించండి. రెండూ ఒకేసారి మొదలుపెడితే ఏది పడలేదో తెలియదు.

కొనేటప్పుడు ట్యూబు వెనక సన్నటి అక్షరాలను చదవాల్సిందే. పర్ఫ్యూమ్, ఫ్రాగ్రెన్స్, లినలూల్, లిమొనీన్ లాంటి పేర్లు ఎక్కువగా జాబితా చివర్లో ఉంటాయి. వీటిలో ఏది కనిపించినా తిరిగి పెట్టేయండి, లావెండర్ లాంటి సుగంధ తైలాలున్నా అంతే. 'అన్‌సెంటెడ్' అంటే వాసన రాదని మాత్రమే, ఇంకో వాసనను కప్పడానికి సుగంధం కలిపి ఉండొచ్చు. 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ' అని ఉన్నది వెతకండి. 'హైపోఅలర్జెనిక్' అనే మాటకు అమెరికా ఎఫ్‌డీఏ దగ్గర కూడా నిర్వచనం లేదు, దాన్ని నమ్ముకోవద్దు. డబ్బా కన్నా ట్యూబు లేదా పంపు సీసా నయం, గాలీ వేళ్లూ తగలవు.

ఇంటికి తెచ్చాక ముందు మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు చొప్పున వారం పది రోజులు రాసి చూడండి. ఏమీ కాకపోతే అప్పుడు కంటి దగ్గర, అదీ రెప్ప మీద కాదు, వేలికి తగిలే ఎముక అంచు మీద. ఒక్కో కంటికి పెసరగింజంత చాలు. క్రీమ్ ఒంటి వేడికి తనంతట తనే కాస్త లోపలికి జరుగుతుంది. రెటినాలే వాడాలనుకుంటే ముందు మాయిశ్చరైజర్ రాసి, దాని మీద రెటినాల్, వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టండి.

క్రీమ్ మానేశాక కూడా రెప్పలు దురద పెడుతుంటే తప్పు క్రీముది కాకపోవచ్చు. నెయిల్ పాలిష్, జెల్ గోళ్లు, జుట్టు రంగు, షాంపూ కూడా రెప్పల మీద ఎలర్జీ తెప్పిస్తాయి. వేళ్లకు ఏమీ కాదు, ఆ వేళ్లతో రుద్దిన రెప్ప మాత్రం వాస్తుంది. అలాంటప్పుడు ఇంకో ఐ క్రీమ్ కొనకుండా చర్మ డాక్టరు దగ్గర, ఏ పదార్థం పడటం లేదో తేల్చే ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి, వెళ్లేటప్పుడు మీరు వాడే నెయిల్ పాలిష్, షాంపూ కూడా పట్టుకెళ్లండి.