కొరియన్ ఎయిర్, ఏషియానా: గ్లైడ్‌స్లోప్ లేని రెండు ల్యాండింగ్‌లు

కొరియన్ ఎయిర్, ఏషియానా రెండూ దక్షిణ కొరియా విమానయాన సంస్థలు. మరణాల లెక్క చూస్తే కొరియన్ ఎయిర్ చరిత్రే బరువు. కానీ రెండు సంస్థలనూ పక్కపక్కన పెట్టాలంటే వాటి ప్రమాదాల్లో అమెరికా ఏలుబడిలోని గ్వామ్ దీవి (1997), శాన్‌ఫ్రాన్సిస్కో (2013) తీసుకోవాలి. రెండుచోట్లా రన్‌వేకి దిగే వాలు చూపించే రేడియో సంకేతం, గ్లైడ్‌స్లోప్, పనిచేయడం లేదు. ఆ సంగతి పైలట్లకు ముందే తెలుసు.

గ్వామ్‌లో రాత్రి, వాన. దారి చూపే వీఓఆర్ రేడియో స్టేషన్ విమానాశ్రయంలో కాక, రన్‌వేకి మూడు మైళ్లకు పైగా ముందున్న నిమిట్జ్ కొండ మీద ఉంది. అది దాటేదాకా 1,440 అడుగుల కిందికి రాకూడదు. కొరియన్ ఎయిర్ బోయింగ్ 747 అంతకన్నా కిందికి దిగిపోయి, సుమారు 660 అడుగుల దగ్గర కొండను తాకింది. కో-పైలట్, ఫ్లైట్ ఇంజనీర్ కెప్టెన్‌ను గట్టిగా సరిదిద్దలేదని అమెరికా దర్యాప్తు తేల్చింది. 254 మందిలో 228 మంది పోయారు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో పట్టపగలు, ఆకాశం నిర్మలం. ఏషియానా బోయింగ్ 777లో, ఇంజిన్ శక్తిని తనంతట తానే సర్దే ఆటోథ్రాటిల్ హోల్డ్ మోడ్‌లోకి వెళ్లింది, అంటే వేగాన్ని అది ఇక కాపాడదు. పైలట్లు మాత్రం కాపాడుతోందనే అనుకున్నారు. 137 నాట్లు ఉండాల్సిన వేగం 103కి పడింది. తోక రన్‌వే ముందున్న సముద్రపు గోడను కొట్టింది. 307 మందిలో ముగ్గురు మరణించారు.

కొరియన్ ఎయిర్ 2000 నుంచి విదేశీ నిపుణులతో శిక్షణ మార్చుకుంది. ఆ తర్వాత అక్కడ ప్రయాణికుల ప్రాణనష్టం లేదు. 2024 డిసెంబరులో ఏషియానా దాని చేతికే వచ్చింది.