సెన్సరీ మ్యాట్ కుట్టేవాళ్లకు జనరల్ బజార్: ఏం కొనాలి, ఏం వదిలేయాలి

చంటిపిల్లలకు ఇంట్లోనే సెన్సరీ మ్యాట్ (తాకితే ఒక్కో గడి ఒక్కోలా తగిలే రకరకాల బట్టల ఆట పరుపు) కుట్టాలనుకునే హైదరాబాద్ వాళ్లకు సికింద్రాబాద్ జనరల్ బజార్‌ను మించిన చోటు నాకు కనబడలేదు. ఆన్‌లైన్‌లో అమ్మే రెడీమేడ్ మ్యాట్లు కూడా చూశాను. నేను చూసినవాటిలో ఎక్కువ భాగం పాలిస్టర్ బట్ట మీద బొమ్మలు ప్రింట్ చేసినవే. కంటికి పది రంగులు, చేతికి మాత్రం ఒకటే నునుపు. పాకే పిల్లకు కావలసింది ఆ బొమ్మలు కాదు. అరచేతి కింద, మోకాలి కింద ఒక్కో గడి ఒక్కోలా తగలాలి. ఆ తేడాలన్నీ జనరల్ బజార్‌లో మీటరు లెక్కన దొరుకుతాయి.

నేను వారాసిగూడలో బ్లౌజులు, డ్రెస్సులు కుడతాను. లేసులకూ లైనింగులకూ ఏళ్ల తరబడి ఆ బజారుకే వెళ్తున్నాను. మా చెల్లెలి పాప బోర్లా పడి పాకడం మొదలుపెట్టగానే ఈ మ్యాట్ కుట్టిచ్చాను. ఇప్పుడు సగం పొద్దు దాని మీదే గడుపుతోంది. బట్ట సంగతి కుట్టేదానిగా తెలుసు, పాప సంగతి పెద్దమ్మగా చూస్తున్నాను. ఈ రివ్యూ ఆ రెండూ కలిపి రాస్తున్నది.

అడుగు పొరకు ఏమీ కొనకండి. పాత నూలు చీరలు నాలుగైదు మడతలు వేసి బొంత కుడితే అంతకంటే మంచి అడుగు ఉండదు. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు పెట్టుకుంటే అడుగు చొప్పున పన్నెండు గడులు వస్తాయి. ఖర్చంతా పైన వేసే ముక్కల మీదే. టైల్స్ మీద జారకుండా కింద వేసే రబ్బరు జాలీ మాత్రం జనరల్ బజార్‌లో వెతికి లాభం లేదు, రాణిగంజ్‌లో రబ్బరు సామాన్ల కొట్లలో అడగండి.

ఇక బట్టలు. జనరల్ బజార్‌లో అన్నీ పెళ్లిళ్లకూ పండగలకూ మెరిసేలా పెట్టి అమ్ముతారు, కంటి చూపుతో కొంటే మోసపోతాం. నేను ప్రతి ముక్కనూ ముంజేతి లోపలివైపు రుద్దుకుని చూశాను. అక్కడి చర్మం పల్చన, పిల్లల చర్మానికి కాస్త దగ్గర. గరుగ్గా తగిలితే తీసుకోవచ్చు, గీరుకున్నట్టుంటే వద్దు. ఈ ఒక్క పరీక్షలో జరీ లేసులన్నీ పోయాయి. లేసు పైన ఎంత మెత్తగా ఉన్నా, కోసిన చోట జరీ పోగు ముల్లులా లేచి నిలబడుతుంది. మడిచి కుట్టినా ఉతికేకొద్దీ బయటికి వస్తుంది.

బాగా పనికొచ్చినవి వెల్వెట్, కార్డ్‌రాయ్, శాటిన్, టర్కీ టవల్ బట్ట, సన్నటి జనపనార బట్ట. వీటిలో కార్డ్‌రాయ్‌కి నా ఓటు. గీతలు అడ్డంగా ఒక ముక్క, నిలువుగా ఒక ముక్క పక్కపక్కన కుట్టాను. పాప ఒకదాని మీద చెయ్యి లాగి, ఆగి, రెండోదాని మీద లాగి చూస్తుంది. మళ్లీ మొదటిదానికి వస్తుంది. ఒకే బట్టను దిశ మార్చి కుట్టడం వల్ల రెండు గడులైపోతాయని కొత్తగా కుట్టేవాళ్లకు తట్టకపోవచ్చు, అందుకే చెబుతున్నాను. టర్కీ బట్ట కూడా మంచిదే కానీ పోగులు పొడుగ్గా ఉన్న రకం వద్దు, వేలు చిక్కుకుంటుంది.

వెల్‌క్రో కొనేటప్పుడు మెత్తటి వైపు మాత్రమే కొనండి. ముళ్ల వైపు మోకాళ్లను గీరుతుంది, పక్క గడి ఊలును పీకేస్తుంది. చాలా కొట్లలో రెండూ జతగానే ఇస్తామంటారు. నేను ఎప్పుడూ వెళ్లే లేసుల కొట్టులో ఒక పెద్దాయన ఉంటాడు. "ఏం కుడుతున్నవ్ బిడ్డా, గిన్ని రకాలు తీస్తున్నవ్?" అని అడిగాడు. సంగతి చెప్పాను. జత విడదీసి మెత్తటిది ఒక్కటే కోసిచ్చాడు. పైగా ఒక మెటల్ జిప్పు నా చేతిలోంచి తీసి పక్కన పెట్టి, లావు పళ్ల ప్లాస్టిక్ జిప్పు చేతిలో పెట్టాడు. "గది పసిపిల్ల నోట్లకు పోతది" అన్నాడు. ఆ మెటల్ జిప్పు రన్నర్‌కు, అంటే జిప్పు మీద జారే బిళ్లకు, ఉండే రంగు సంగతి ఆయనకు తెలుసు. బజారంటే నాకిష్టం ఇందుకే. ఏ వెబ్‌సైటూ ఆ మాట అనదు.

జిప్పు కుట్టడంలోనూ ఒక జాగ్రత్త ఉంది. రెండు చివర్లా రన్నర్ బయటికి రాకుండా అడ్డంగా మూడు నాలుగు వరసలు మెషిన్ కుట్టు వేయాలి. లాగే పట్టీ తీసేసి దాని చోట బట్ట పట్టీ కట్టి కుట్టాను. పట్టీలు, తాళ్లు ఏవైనా సరే, నాలుగు వేళ్ల వెడల్పు కంటే పొడుగు పెట్టలేదు. పొడుగు తాడు మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది.

గుండీలు, పూసలు, అద్దాలు, గవ్వలు. ఇవి చూసి ప్రతి ఒక్కరికీ మనసు లాగుతుంది. లంబాడీ అద్దాల పట్టీలు ఎంత అందంగా ఉంటాయో నాకు తెలియంది కాదు. కానీ మూడేళ్ల లోపు పిల్లలకు వద్దే వద్దు. ఆ వయసు పిల్లల బొమ్మల్లో చిన్న భాగాలను పరీక్షించే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా పట్టే వస్తువేదైనా గొంతుకు అడ్డం పడగలదని లెక్క. మన పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు, అది కూడా ఇట్టే పడిపోతుంది. ఇక కోటు గుండీ ఎంత? మన దేశంలో బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేశారు, కొనే బొమ్మకు ఆ మార్కు చూసుకోవచ్చు. ఇంట్లో కుట్టినదాన్ని పరీక్షించడానికి ఎవరూ రారు. ఆ పని మనదే. గట్టిగా తగిలేది ఏదైనా కావాలంటే లావు నూలు తాడును ముడులు వేసి, రెండు బట్టల మధ్య పెట్టి చుట్టూ కుట్టేయండి. పైనుంచి తడిమితే ముడులు బాగా తెలుస్తాయి. కందులు, చింతగింజలు నింపమని కొందరు చెబుతారు. ఉతికితే నానిపోతాయి, వానాకాలంలో పురుగు పడుతుంది, కుట్టు ఊడితే నేరుగా నోట్లోకే.

జనరల్ బజార్‌లో కొననిది, మ్యాట్ మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఒకటుంది. మా మేనమామ ఇంటి నుంచి తెచ్చిన పాత గొంగడి ముక్క. దక్కనీ గొర్రెల ఊలుతో మన కురుమలు నేసే నల్ల గొంగడి. కొత్తది బిరుసుగా ఉంటుంది, నేసే ముందు పడుగుకు చింతగింజల గంజి పెడతారు కదా. ఏళ్లు వాడిన గొంగడిలో ఆ బిరుసు పోయి గరుకు మాత్రం మిగులుతుంది. ముంజేతి పరీక్షలో పాతది నెగ్గింది, కొత్తది నెగ్గలేదు. మామూలు సూది విరిగిపోతుంది, 18 నంబర్ సూది పెట్టి కుట్టు పొడుగు పెంచి కుట్టాను. పాప మొదట్లో దాని మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేసేది. ఇప్పుడు బొటనవేలితో దాన్ని గోకుతూ కూర్చుంటుంది. బ్యాగులో మెత్తటి ముక్కలే నిండుతుంటాయి, అందుకే ఇలాంటి గరుకు గడి ఒకటైనా పెట్టండి. ఊలు కాబట్టి వేడినీళ్లు తగలకూడదు, ముడుచుకుపోతుంది. అందుకే ఆ గడిని లూజు కుట్టుతో వేశాను, ఉతికేటప్పుడు విప్పేస్తాను.

బజారు మీద నా ఫిర్యాదు రంగు గురించి. ఒక కొట్టులో ఎర్ర వెల్వెట్ చూపించి "రంగు పక్కా అక్కా, నా గ్యారంటీ" అన్నారు. మొదటి ఉతుకులోనే పక్కనున్న తెల్ల టర్కీ బట్ట గులాబీ రంగుకు తిరిగింది. తీసుకెళ్లి చూపిస్తే "కట్ పీస్ వాపస్ తీసుకోం" అనేశారు. బ్లౌజు పీసుకు రంగు దిగితే సర్దుకుంటాం. ఇది పిల్ల నాకే బట్ట, చొంగ తగలగానే ఆ రంగు నోట్లోకి పోతుంది. నాకు చాలా కోపం వచ్చింది. అప్పటి నుంచి బ్యాగులో తెల్ల కర్చీఫు తడిపి పెట్టుకుని వెళ్తున్నాను. కోయించే ముందు బట్ట అంచు మీద గట్టిగా రుద్దితే రంగు దిగేది అక్కడే తెలిసిపోతుంది. మంచి కొట్టువాళ్లు దీనికి ఏమీ అనుకోరు. అనుకున్నవాళ్ల దగ్గర కొననక్కర్లేదు.

ఖర్చు మాట. నాకు అన్నీ కలిపి వెయ్యి రూపాయల లోపే అయింది, కుట్టు కూలి నాదే కాబట్టి లెక్కలో లేదు. అడుగు పొడవు చిన్న ముక్కలు కోసిమ్మంటే కొన్ని కొట్లవాళ్లు విసుక్కుంటారు. బట్ట తాను చివర మిగిలిన ముక్కలు అడగండి, అవి ఇవ్వడానికి వాళ్లకూ హాయి, మనకూ చవక. మెషిన్ లేనివాళ్లు ఏ వీధి టైలర్‌నైనా అడగవచ్చు. గడుల చుట్టూ రెండు వరసల కుట్టు, ఓవర్‌లాక్ తప్పకుండా చేయమని చెప్పండి. చేతికి వచ్చాక ప్రతి ముక్కనూ పట్టుకుని బలంగా లాగి చూడండి. నేను వారానికోసారి ఇప్పటికీ లాగి చూస్తాను.

ఏడాది లోపు, ఇంకా సొంతంగా కదలలేని పిల్లలను మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు బోర్లా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ అరగంటకు ఈ మ్యాట్ చక్కగా సరిపోతుంది. పక్కన ఒకరు కూర్చోవాలి, నిద్రపోతే మాత్రం తీసి పిల్ల పడుకునే పరుపు మీద వేయాలి. ఇది ఆట వస్తువు, వైద్యం కాదు. బిడ్డ ఎదుగుదల మీద ఏమాత్రం అనుమానం ఉన్నా మ్యాట్లతో కాలం గడపకుండా బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీలో చూపించండి.

బండి మీద వెళ్లేవాళ్లకు పార్కింగ్ నరకం, ప్యారడైజ్ మెట్రోలో దిగి ఆటో ఎక్కడం నయం. పొద్దున కొట్లు తెరిచిన వేళకు వెళ్తే నెమ్మదిగా తాకి చూడనిస్తారు, సాయంత్రం జనంలో కుదరదు. ఆషాఢంలో ఉజ్జయినీ మహంకాళి బోనాల రోజుల్లో ఆ పక్క సందుల్లోకి బేరానికని వెళ్లకండి, అమ్మవారి దర్శనానికి వెళ్లండి.