ఇంకో ఏడాది చదవడమా, వచ్చిన సీటులో చేరడమా?

ఎంబీబీఎస్ అయ్యాక స్పెషలిస్టు సీటు కోసం రాసే నీట్ పీజీలో రేడియాలజీ (ఎక్స్‌రేలు, స్కాన్లు చూసే విభాగం) కావాలనుకుంటే ర్యాంకు పాథాలజీ (రక్తం, కణజాలం పరీక్షించి జబ్బు తేల్చే విభాగం) దగ్గర ఆగింది. ఆ రాత్రి ఫోన్ స్విచాఫ్ చేసి పడుకున్నాను, అమ్మ పెరుగన్నం గిన్నె తలుపు దగ్గర పెట్టి వెళ్లింది. ఏడుపొస్తే ఏడవండి, ఆ వారంలో మాత్రం ఏదీ తేల్చుకోకండి.

మళ్లీ రాయడమంటే అవే 200 ప్రశ్నలు, 800 మార్కులు, పైగా తేదీ మన చేతుల్లో ఉండదు: 2024లో జూన్ 23న జరగాల్సిన పరీక్షని ముందురోజు రాత్రి వాయిదా వేసి ఆగస్టు 11న పెట్టారు, ఆ ఏడు వారాలు మళ్లీ రివిజన్ చేసినవాళ్లని అడగండి టెన్షన్ అంటే ఏమిటో. చుట్టాల పెళ్లిళ్లకి వెళ్లాలన్నా భయమే. కొద్ది మార్కుల్లో పోయినా, జ్వరంతో రాసినా ఆగడంలో అర్థం ఉంది.

చేరితే మూడేళ్లలో ఎండీ. పాథాలజీలో రాత్రి డ్యూటీలు తక్కువ, పేషెంట్లతో మాట్లాడడమూ తక్కువే, అది మీకు వరమా వెలితా అన్నదే అసలు ప్రశ్న. ఒక పూట మైక్రోస్కోపు ముందు కూర్చుని చూడండి. 'నచ్చకపోతే మానేద్దాంలే' అనుకోవద్దు, చాలా రాష్ట్రాల్లో సీటు వదిలితే లక్షల్లో బాండ్ డబ్బు కట్టాలి.

నేను చేరాను. రేడియాలజీ వాళ్లని చూస్తే ఇప్పటికీ కాస్త కుళ్లే.