రెయిన్‌కోటా, మడ్‌గార్డులా?

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం దాకా వానలో రోడ్డు సైకిలు (సన్నటి టైర్లతో, మడ్‌గార్డులు లేకుండా వచ్చే వేగం రకం) తొక్కి వచ్చాక తేల్చుకున్నాను: ముందు డబ్బు పెట్టాల్సింది మడ్‌గార్డులకే.

రెయిన్‌కోటు పైనుంచి పడే వానను ఆపుతుంది, నిజమే. కానీ జూలై ఉక్కలో అది తొడుక్కుని అరగంట తొక్కితే చెమటకే చొక్కా పిండుకోవాలి. గాలాడని ప్లాస్టిక్ కోటైతే మరీ ఘోరం.

మడ్‌గార్డు తలను, భుజాలను కాపాడదు. అయితే వాన వెలిశాక కూడా రోడ్డు మీద నీళ్లుంటాయి. వెనక చక్రం ఆ బురదనీటిని చిమ్మి నడుము నుంచి మెడ దాకా నల్లటి చార గీస్తుంది. తడిసిన నిక్కరు సీటు మీద ఒరుసుకుని తొడలు మండడం ఇంకో బాధ. ముందు మడ్‌గార్డు బూట్లను కొంత కాపాడుతుంది.

చిక్కేమిటంటే, చాలా రోడ్డు సైకిళ్లలో టైరుకూ ఫ్రేముకూ మధ్య వేలు దూరే సందైనా ఉండదు. 25 మిల్లీమీటర్ల టైర్లున్న నా సైకిలుకు వెనకవైపు, సీటు కింది గొట్టానికి బిగించే మడ్‌గార్డు రకమే పట్టింది. చూడటానికి బాతు తోకలా ఉంటుంది, పోనీయండి.

కోటును మాత్రం పారేయలేదు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టి ఈదురుగాలి కొడితే చలికి అడ్డుపడేది అదే.